ప్లస్సు బాడీకి

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే ముందు వేడెక్కింది బండి. ఆ తర్వాత అత్తయ్య. వాళ్ళిద్దరి మధ్యా పడి నలిగిపోయింది మామయ్యగారు.

బండి అంటే మామయ్యగారి ఐసు లారీ. మా ఆయన పుట్టకముందే ఆ ఇంటికొచ్చింది. గుండ్రటి బుగ్గలు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, దానికి రెండు పక్కలా ఉబ్బిన కళ్ళలాంటి లైట్లు. దాన్ని చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది, మామయ్యగారికి మాత్రం ముద్దొచ్చేది. పొద్దున్నే ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు ఎక్కించుకుని, పైన గోనె పట్టాలు కప్పి, చేపల మార్కెట్టుకీ పళ్ళరసాల కొట్లకీ దింపి రావడం దాని పని. అత్తయ్య దాన్ని 'నా సవతి' అనేది. "పొద్దున్న లేస్తే దాని మొహమే చూస్తారు. దానికి నీళ్ళు పట్టాకే నా సంగతి" అని మూతి తిప్పేది.

సవతి అంటూనే రోజూ దాని ఒళ్ళో కూర్చుని ఊరంతా తిరిగేది మళ్ళీ ఆవిడే. తిరక్క తప్పదు. మామయ్యగారు ఎవరితోనూ సూటిగా మాట్లాడరు మరి. కోపం కాదు, గర్వం అంతకన్నా కాదు. ఆయన నోట్లోంచి మాట బయటికొచ్చి అవతలివాళ్ళ చెవిన పడాలంటే మధ్యలో అత్తయ్య ఉండాలి, అంతే. చేపలమ్మే ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి "ఇవాళ ఎన్ని దిమ్మలిస్తారు?" అని అడిగితే, ఆయన అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ "రెండే ఉన్నాయని చెప్పు" అనేవారు. పక్క సీట్లోంచి అత్తయ్య తల బయటపెట్టి "రెండేనట తల్లీ. ఏమీ అనుకోకు, రేపు ముందు నీకేనట" అనేది. ఆ రెండో ముక్క ఆయన అన్నారా లేదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కన్నకొడుకుతోనూ అదే వరస. ఇక కొత్త కోడల్ని, నా సంగతి చెప్పాలా! నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన నాతో నేరుగా ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. "అమ్మాయిని తినమను." "వెనక తలుపు గడియ గట్టిదని అమ్మాయికి చెప్పు." అమ్మాయేమో ఎదురుగా కుర్చీలోనే కూర్చుని ఉండేది.

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ అప్పుడు నాకేం నవ్వు రాలేదు. మా నాన్నది మోటార్లు చుట్టే షాపు. ఆ రొదలో ఒకళ్ళనొకళ్ళం అరుచుకుంటూ, పోట్లాడుకుంటూ పెరిగినవాళ్ళం. 'ఆ వైరివ్వవే మొద్దూ' అంటే అది మాకు ముద్దు మాటే. అలాంటిదాన్ని ఈ ఇంట్లోకొచ్చి పడేసరికి, నేను కోడలినా, అద్దెకి దిగినదాన్నా అని నాకే అనుమానం వచ్చేది. మా ఆయన్ని అడిగితే "మా నాన్న అంతేనోయ్" అని దులిపేసుకునేవాడు. ఆయన అదే ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ దగ్గర పనిచేసేవాడు. చలిగదిలోంచి వచ్చినవాడికి నా ఉక్క ఎలా తెలుస్తుంది?

ఎండలు ముదిరాక బండి మొండికేసింది. రోడ్డు మీద పోతున్నంతసేపూ బాగానే ఉండేది. రైలుగేటు దగ్గర ఆగిందా, ఉడుకు మొదలు. వెనకాల ఐసు చల్లగా కునుకు తీస్తుంటే ముందర ఇంజను సలసలా కాగేది. పక్కన ఆగినవాళ్ళకి అదో వేడుక. "ఆ దిమ్మ ఒకటి దాని నెత్తిన పెట్టండి బాబాయ్!" అని కేకలేసేవాళ్ళు. మామయ్యగారికి అవి వినపడనట్టే ఉండేవి. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఓ రోజు గేటు దగ్గర ఆయన తొందరపడి రేడియేటర్ మూత తిప్పారు. మరిగే నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్మి ముంజేయి కాలిపోయింది. ఆ చేత్తోనే ఐసంతా దింపి ఇంటికొచ్చారు. అత్తయ్య మందు రాస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడలేదంటే ఇంట్లో అందరికీ గుండెల్లో గుబులే. కట్టు కట్టడం అయ్యాక చెప్పింది.

"ఇంకొక్కసారి అది ఆవిరి కక్కిందా, అమ్మేస్తున్నాం. నాకు మాటివ్వండి."

"ఊఁ."

"ఊఁ కాదు. నోరు తెరిచి చెప్పండి."

మామయ్యగారు గుమ్మంలోంచి బయటికి చూశారు. అక్కణ్ణించి బండి ముక్కు ఒక్కటే కనిపిస్తుంది. "అమ్మేద్దాం" అన్నారు.

ఎప్పుడో గానీ మాట్లాడని మనిషి. మాట్లాడితే ఆ మాట మీద నిలబడి తీరతారు. ఫ్యాక్టరీకి కొత్త వ్యాను ఎలాగూ ఉంది, ఈయన మానేస్తే వాళ్ళకి పోయేదేమీ లేదు. పోయేదంతా ఈయనకే. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. సాయంత్రం బండి తుడుస్తుంటే చూశాను. ఒంటి చేత్తో, నెమ్మదిగా, ఊరికి పంపబోయే పిల్లకి తల దువ్వినట్టు తుడుస్తున్నారు. చూడలేక లోపలికి వచ్చేశాను. నాతో మాట్లాడని మనిషి కోసం నాకెందుకంత బాధ అంటే ఏం చెప్పను, వచ్చింది, అంతే.

మర్నాడు బానెట్ ఎత్తి ఉన్నప్పుడు వెళ్ళి తొంగి చూశాను. నాకు తోచింది అత్తయ్యతో చెప్పాను. మామయ్యగారు పక్కనే ఉన్నారు. అయినా అత్తయ్యతోనే చెప్పాలిగా!

"అత్తయ్యా, ఈ ఫ్యాను బెల్టుతో ఇంజనుకి కట్టేసి ఉంది. బండి ఆగితే ఇంజను నెమ్మదిస్తుంది, దాంతోపాటు ఇదీ నెమ్మదిస్తుంది. సరిగ్గా గాలి కావాల్సిన వేళకే గాలుండదు. రేడియేటర్ ముందు కరెంటు ఫ్యాను ఒకటి బిగిస్తే బండి ఆగినా అది ఆగదు. లోపలికి గాలి కొడుతూనే ఉంటుంది."

"విన్నారా?" అంది అత్తయ్య.

"పాత ఫ్యాను తీస్తుందేమో అడుగు."

"తీయను అత్తయ్యా. అది అక్కడే ఉంటుంది. ఇది దానికి తోడు."

మామయ్యగారు చాలాసేపు బండి బుగ్గ మీద చెయ్యేసి నిలబడ్డారు. "కానీమను" అన్నారు.

"సంతోషంగా కానీమంటున్నారమ్మా!" అంది అత్తయ్య. ఆ సంతోషం ఎక్కణ్ణించి ఊడిపడిందో నాకు తెలియలేదు.

మా ఆయన పాత సామాన్ల అంగడంతా గాలించి, దెబ్బతిన్న ఏదో కారులోంచి తీసిన ఫ్యాను పట్టుకొచ్చాడు. రెక్కలు బాగున్నాయి, మోటారు బాగుంది. సెలవు రోజు చూసుకుని పనిలోకి దిగాను. ముందు బండి ముక్కుకున్న జాలీ ఊడదీశాను. ఇనప పట్టీలు కోసి, వంచి, బోల్టుల కింద రబ్బరు ముక్కలు పెట్టి, రేడియేటర్‌కి తగలకుండా ఫ్యాను నిలబెట్టాను. మామయ్యగారు కాస్త దూరంలో స్టూలు వేసుకుని, ఆపరేషన్ గది బయట కూర్చున్నవాళ్ళలా కూర్చున్నారు. నాకు ఏ స్పానర్ కావాలో చెయ్యి చాపేలోపే అది నా చేతి పక్కన ఉండేది. ఎప్పుడు లేచారో, ఎప్పుడు పెట్టారో తెలిసేది కాదు. మాట మాత్రం లేదు.

ఇక వైర్లు కలపడమే మిగిలింది. నేను తల బండి ముక్కులో దూర్చి ఉన్నాను. మామయ్యగారు అత్తయ్య దగ్గరికెళ్ళి ఏదో చెప్పి, బకెట్ పుచ్చుకుని కుళాయి వైపు వెళ్ళారు. అత్తయ్య వచ్చి నా వీపు తట్టింది.

"అమ్మాయ్, మీ మామయ్యగారు ఒళ్ళు జాగ్రత్త అంటున్నారే."

"ఏమిటీ?"

"ఒళ్ళు జాగ్రత్తట. మర్చిపోకుండా చెప్పమని మరీ మరీ చెప్పారు."

స్క్రూడ్రైవర్ నా చేతిలో ఆగిపోయింది. తినమను, గడియ వెయ్యమను తప్ప నా గురించి ఆ మనిషి ఏదైనా అనడం అదే మొదలు. నా ఒళ్ళు గురించి ఆయనకి చింత! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కులోంచి తల బయటికి తీయకుండా ఉండిపోయాను, అత్తయ్య చూస్తుందని. ఇక చూసుకోండి నా హుషారు. ఎర్రవైరు స్విచ్చికి, నల్లవైరు బాడీకి. మా నాన్న షాపులో కళ్ళు మూసుకుని చేసే పని. బిగించేశాను. బ్యాటరీ సీటు కింద పెట్టెలో ఉంటుంది. అక్కడిదాకా పోయి ఏ వైరు ఎటుందో చూడాలన్న ఆలోచనే రాలేదు.

స్విచ్చి వేస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. అత్తయ్య చప్పట్లు కొట్టింది. నేను చెయ్యి పెట్టి చూశాను, గాలి తగిలింది. అది ఎటు నుంచి ఎటు పోతోందో చూడాలని తోచలేదు. గాల్లో తేలిపోతున్నదాన్ని నేనే కదా! మామయ్యగారు అత్తయ్య వైపు తిరిగి "చెప్పావా?" అన్నారు. "చెప్పాను, చెప్పాను" అంది ఆవిడ.

మర్నాడు ఫ్యాను పనితనం చూద్దామని నేనూ బండెక్కాను. ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. వెనక నిండుగా ఐసు. అనుకున్నట్టే రైలుగేటు పడింది. నేను గొప్పగా స్విచ్చి వేశాను. మామయ్యగారు వేడి చూపించే ముల్లు మీద కళ్ళు పెట్టారు. నేను ఆయన మొహం మీద పెట్టాను.

ముల్లు పైకి జరిగింది. గూడ్సు బండి వస్తూనే ఉంది, పెట్టె తర్వాత పెట్టె. ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. ఎప్పటికన్నా తొందరగా పోయింది. మామయ్యగారు ఇంజను ఆపేశారు. బండి ముక్కులోంచి తెల్లగా ఆవిరి లేచింది.

బండి అమ్ముడుపోయింది, అమ్మింది నేను. అదే తిరుగుతోంది బుర్రలో.

అత్తయ్య అందరికంటే ముందు దిగి బండి ఎదురుగా వెళ్ళింది. "ఇదేమిటే, వేడిగాలి నా మొహాన కొడుతోంది!" అంటూ వెనక్కి గెంతింది. వెంటనే బకెట్ అందుకుని "నీళ్ళు తెస్తానుండండి" అని గేటు కాపలావాడి గది వైపు పరుగుతీసింది.

నేనూ దిగి నిలబడ్డాను. వేడిగాలి బయటికి కొడుతోందంటే ఫ్యాను తిరగబడి తిరుగుతోందన్నమాట. లోపలి ఫ్యాను గాలిని తనవైపు లాగుతుంటే, నేను పెట్టిన ఫ్యాను తనవైపు లాగుతోంది. పాపం, మధ్యలో రేడియేటర్ ఉడక్క ఏం చేస్తుంది! కానీ ఎందుకు తిరగబడింది? వైర్లు తారుమారైతేనే మోటారు ఇలా తిరగబడుతుంది, నేను సరిగ్గానే కలిపానే!

మామయ్యగారు బంపర్ వైపు చూస్తూ అన్నారు. "ప్లస్సు బాడీకని చెప్పమన్నానుగా."

"ఎవరితో మామయ్యగారూ?"

ఆయన కుడివైపు చూశారు. ఎడమవైపు చూశారు. అత్తయ్య ఎక్కడో కుళాయి దగ్గర ఉంది. వెనకాల బళ్ళవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. మామయ్యగారు గొంతు సవరించుకుని, నేను ఆ ఇంటికొచ్చాక మొదటిసారి, నా మొహంలోకి చూశారు.

"నీతోనే" అన్నారు. "ఈ బండి... అన్ని బళ్ళలాంటిది కాదు. మిగతావాటికి బ్యాటరీ మైనస్సు బాడీకి కలిపి ఉంటుంది. దీనికి ప్లస్సు. దీని పుట్టుకే అంత. నీకా సంగతి తెలీదేమోనని చెప్పమన్నాను."

"అత్తయ్య... ఒళ్ళు జాగ్రత్త అన్నారని చెప్పారు."

"ఒళ్ళా?" ఆయన కాసేపు ఆలోచించారు. "బాడీ అన్నాను."

ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. మామయ్యగారి భుజాలు కదిలాయి. చూస్తే నవ్వుతున్నారు, చప్పుడు లేకుండా, కళ్ళు మూసుకుని. నాకూ నవ్వాగలేదు. ఆవిరి కక్కుతున్న బండి ముందు ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. నవ్వుతూనే ఉన్నాను గానీ లోపల ఎక్కడో చివుక్కుమంది. అయితే ఆయన ఆ మాట అనలేదన్నమాట. నిన్నంతా నేను ఎవరూ అనని మాట పట్టుకుని మురిసిపోయాను.

ఫ్యాను ఆపి స్క్రూడ్రైవర్ తీశాను. "ఎర్రది పట్టుకోండి. వేడి, జాగ్రత్త."

"పట్టుకున్నాను. నల్లది వదులు."

"ఇటు తిప్పండి."

"ఇటా?"

"ఆఁ, అలాగే."

వైర్లు అటుదిటూ ఇటుదటూ మార్చి మళ్ళీ స్విచ్చి వేశాను. మామయ్యగారు భుజం మీది తువ్వాలు తీసి జాలీ ముందు పట్టుకున్నారు. అది వెళ్ళి జాలీకి అతుక్కుపోయింది. గాలి లోపలికి పోతోంది. ఆయన తువ్వాలు పీకి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అతుక్కుంది. చిన్నపిల్లాడిలా ఇంకోసారి కూడా పెట్టి చూశారు.

అత్తయ్య బకెట్‌తో వచ్చేసరికి ఆవిరి తగ్గిపోయింది. మామయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని ఆవిడ ఎదురుగా నిలబడ్డారు. నవ్వంతా పోయింది.

"మాటంటే మాటే" అన్నారు. "అమ్మేద్దాం."

అత్తయ్య ఆయన చేతి కట్టు వైపు చూసింది. గ్రీజు పులుముకున్న నా మొహం వైపు చూసింది.

"దేనికీ?"

"ఆవిరి వచ్చిందిగా."

"ఎప్పుడు?"

"ఇందాక. నువ్వూ చూశావు."

"అదా! ఐసు పొగనుకున్నాను" అంది అత్తయ్య. "ఐసు బండన్నాక ఆమాత్రం పొగ రాదూ?"

"ఐసు వెనకుంది."

"గాలికి ముందుకొచ్చిందేమో, నాకేం తెలుసు? ఊరికే నిలబెట్టి మాట్లాడతారేం, వేడి తగ్గాక నీళ్ళు పోయండి. అక్కడ గేటు తీస్తున్నారు."

ఆ వేసవిలో బండి మళ్ళీ ఉడకలేదు.

ఆ సాయంత్రం తడి గోనె పట్టాలు ఆరేస్తూ అత్తయ్యని నిలదీశాను. "ఆయన బాడీ అంటే మీరు ఒళ్ళన్నారా అత్తయ్యా?"

"బాడీ అంటే ఒళ్ళు కాదుటే? ప్లస్సులూ మైనస్సులూ నాకేం అర్థమవుతాయి! అర్థమైన ముక్క చెప్పాను."

"మరి జాగ్రత్త?"

అత్తయ్య పట్టా దులిపింది. "అది నేను కలిపాను. ఆయన చెప్పమన్న మాటే చెబితే ఈ ఇంట్లో ఎవరైనా మిగులుతారా? తినమను అంటారు. నువ్వు తినకపోతే ఆయనకి ముద్ద దిగదని నేను చెబుతాను. ఆయన మనసులో ఉన్నదే. నోటిదాకా రాదు, నేను తెచ్చిపెడతాను."

"అది ఆయన మనసులోదా, మీ మనసులోదా?"

ఆవిడ పట్టా అంచులు సరిచేసింది. "ఏమోనే" అంది. "ఇన్నేళ్ళయ్యాక ఏది ఎవరిదో నాకూ తెలీడం లేదు."

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. బండి సంగతైతే మామయ్యగారు సూటిగానే మాట్లాడేవారు. "ఫ్యూజు చూడు." "బెల్టు అరుస్తోంది, విను." అంతవరకే. ఇంట్లోకి అడుగుపెడితే "అమ్మాయిని తినమను." నాకంటే బండి నయం, దానికి రోజూ ఓ పలకరింపు ఉంటుంది, అనుకునేదాన్ని. ఆయన నన్ను నన్నుగా ఒక్కసారి పలకరిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది. ఇంత చిన్న ఆశా అని సిగ్గుగానూ ఉండేది.

వేసవి చివర్లో, తొలి వానలు పడుతున్నప్పుడు, మా నాన్న కంటికి ఆపరేషన్ చేశారు. కన్ను కుదుటపడేదాకా షాపు చూసుకోవడానికి నేను వెళ్ళాల్సి వచ్చింది. మా ఆయనకి డ్యూటీ. అత్తయ్యా మామయ్యగారే నన్ను ఐసు బండిలో బస్సు దాకా తీసుకొచ్చారు. దారిలో గేటు పడింది. మామయ్యగారే స్విచ్చి వేశారు. ముల్లు కదల్లేదు.

బస్సు కిటికీ పక్కన సీటు దొరికింది. కింద ఇద్దరూ నిలబడ్డారు. డ్రైవర్ ఇంజను తిప్పాడు. మామయ్యగారు అత్తయ్య భుజం దగ్గరికి వంగారు.

"అమ్మాయికి చెప్పు..."

ఆ తర్వాత ముక్క ఇంజను మోతలో నాకు వినపడలేదు. అత్తయ్య చేతులు కట్టుకుంది.

"నేను చెప్పను" అంది, నాక్కూడా వినపడేంత గట్టిగా. "మొన్న ఓ మాట అటూ ఇటూ అయ్యేసరికి బండే ఉడికింది. మీ మాట మీరే చెప్పుకోండి."

"నువ్వు చెప్పు."

"ఊహూఁ."

బస్సు కదిలింది. మామయ్యగారు బస్సుతోపాటు అడుగులేశారు. కాలిన మచ్చ ఉన్న చెయ్యి కిటికీ చువ్వ మీద పడింది.

"అమ్మాయ్!"

"ఆఁ మామయ్యగారూ!"

నీళ్ళు నమిలారు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. బస్సు వేగం అందుకుంది. చువ్వ చేతిలోంచి జారిపోయింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాను. వానజల్లులో రోడ్డు మధ్య నిలబడి, రెండు చేతులూ నోటికి చెరోపక్కా పెట్టుకుని, ఆయన ఊరంతా అదిరిపోయేలా అరిచారు.

"బాడీ జాగ్రత్త!"

కండక్టర్ ఉలిక్కిపడి తలుపులోంచి వంగి బస్సు పక్కకి తొంగి చూశాడు. "బాడీకేమైంది? ఎక్కడైనా రాసుకుందా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెయ్యి ఊపుతూనే ఉన్నాను, ఆయన తువ్వాలు కనపడేంతవరకూ. కండక్టర్ నా సీటు దగ్గరికొచ్చాడు.

"ఎవరమ్మా ఆయన?"

"మా మామయ్యగారు."

"ఏమిటంటున్నారు?"

కళ్ళు తుడుచుకుని చెప్పాను.

"ఒళ్ళు జాగ్రత్త అంటున్నారు."